శాసనాల్లో లేని గజదొంగ

రుద్రమదేవి అనగానే తెలుగువాళ్ళలో చాలామందికి ఆ వెంటే ఇంకో పేరు నోటికొస్తుంది: గోన గన్నారెడ్డి. గుర్రమెక్కి అడవుల్లో తిరిగే వీరుడు, పొగరుబోతు సామంతులను కొల్లగొట్టే గజదొంగ, పైకి కాకతి రాజ్యానికి శత్రువు, లోపల రాణి కోసం ప్రాణమిచ్చే బంటు. 2015లో గుణశేఖర్ తీసిన సినిమాకు పేరు రుద్రమదేవిదే అయినా హాల్లో ఈలలు పడ్డది అల్లు అర్జున్ వేసిన గన్నారెడ్డికే. ఈ మనిషి మనకు శాసనాల్లోంచి రాలేదు. 1940లలో అడివి బాపిరాజు రాసిన 'గోన గన్నారెడ్డి' నవలలోంచి వచ్చాడు. ఆ పేరుగల చారిత్రక వ్యక్తి లేడని కాదు. ఉన్నాడు, రాతి మీదే ఉన్నాడు. కాకపోతే రాతి మీదున్న గన్నారెడ్డి దొంగ కాడు, దొంగ వేషం వేసినవాడూ కాడు. నవల అన్నాక కల్పన ఉంటుంది, ఉండాలి కూడా. ఆ మాట మీద బాపిరాజుతో తగువు పెట్టుకోవడం తెలివితక్కువ పని. తగువల్లా ఆ కల్పన ఎక్కడ పడిందన్నదాని మీదే. ఆధారాలు మౌనంగా ఉన్నచోట కల్పిస్తే అది నవలాకారుడి హక్కు. ఆధారాలు గొంతెత్తి చెబుతున్నచోట, అదీ ఒక రాణి చేసిన పని గురించి చెబుతున్నచోట, ఆ పనిని ఆమె చేతిలోంచి తీసి ఒక ప్రియవీరుడి చేతిలో పెడితే లెక్క అడగాల్సిందే. ఈ నవల రెండూ చేసింది. అందుకే దాన్ని ఇష్టపడకుండా ఉండటమూ కష్టం, ఇష్టపడి ఊరుకోవడమూ కష్టం.

ముందు రాసినవాడి కాలం చూడాలి. బాపిరాజు 1895లో భీమవరంలో పుట్టాడు. రాజమహేంద్రవరంలో కళలు నేర్పిన కూల్డ్రే దొర శిష్యుల్లో ఒకడు. సహాయ నిరాకరణోద్యమంలో జైలుకు వెళ్ళాడు, బందరు జాతీయ కళాశాల నడిపాడు, సినిమాలకు కళాదర్శకత్వం చేశాడు, 1940లలో హైదరాబాదు వచ్చి 'మీజాన్' తెలుగు పత్రికకు సంపాదకుడయ్యాడు. అప్పటికి తెలుగునేల రెండు ముక్కలు. ఓరుగల్లు నిజాం ఏలుబడిలో ఉంది. త్రిపురాంతకం, మోటుపల్లి, ద్రాక్షారామం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి. కాకతీయుల శాసనాలేమో రెండు వైపులా ఉన్నాయి. కోస్తాలో పుట్టి హైదరాబాదులో పత్రిక నడిపే రచయితకు ఈ రెండు ముక్కలనూ కలిపి ఏలిన ఒక రాజ్యం గుర్తుకు రావడంలో వింతేముంది? 1935లోనే మారేమండ రామారావు సంపాదకత్వంలో 'కాకతీయ సంచిక' వెలువడింది. కొమర్రాజు లక్ష్మణరావు తరం మొదలుపెట్టిన శాసనాల వేట అప్పటికి ఫలితాలిస్తోంది. ఆంధ్రుల చరిత్ర అనేది తలెత్తుకు తిరగడానికి ఒక ఆధారంగా మారిన రోజులవి. శాతవాహనుల కాలానికి 'హిమబిందు', ఇక్ష్వాకులకు 'అడివి శాంతిశ్రీ', కాకతీయులకు 'గోన గన్నారెడ్డి' అంటూ బాపిరాజు వరసగా కథలు కట్టింది ఆ ఊపులోనే. కాబట్టి నవలలో సామంతుల తిరుగుబాటుకు అంత చెడ్డపేరు ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. వాళ్ళు రుద్రమకే శత్రువులు కారు, ఐక్యతకు శత్రువులు. చట్టాన్ని మీరి రాజ్యాన్ని కాపాడే వీరుడంటే కూడా, జైలుకెళ్ళి దేశసేవ చేసిన తరానికి సహజంగా ముచ్చటేస్తుంది.

నవల ఎత్తుగడ మాత్రం గొప్పగా ఉంటుంది. పెళ్ళి జరుగుతోంది. ఆదవోని ప్రభువు కూతురు అన్నాంబిక పెళ్ళికూతురు, వర్ధమానపురం లకుమయారెడ్డి కొడుకు వరదారెడ్డి పెళ్ళికొడుకు. గన్నారెడ్డి దండు వచ్చిపడి పెళ్ళికొడుకును ఎత్తుకుపోతుంది. మామూలుగా కథల్లో వీరుడు ఎత్తుకుపోయేది పెళ్ళికూతురిని. రుక్మిణి నుంచి సంయుక్త దాకా మనం విన్నదంతా అదే. బాపిరాజు దాన్ని తిరగేశాడు. ఈ తిరగేయడం చమత్కారం కోసమని అనుకుంటే పొరపాటు. రెండు సామంత కుటుంబాలు వియ్యమందితే రెండు సైన్యాలు ఒకటవుతాయి. ఆ పొత్తును విరగ్గొట్టాలంటే పీటల మీది పెళ్ళిని ఆపాలి, పెళ్ళికొడుకు లేకపోతే పెళ్ళి ఆగుతుంది. ఇది దండయాత్ర, పెళ్ళిపందిట్లో చేసిన దండయాత్ర. 13వ శతాబ్దపు తెలుగు రాజకీయంలో వివాహం ఎంత బరువైన విషయమో బాపిరాజుకు బాగా తెలుసునని ఈ ఒక్క ఘట్టమే చెబుతుంది.

శాసనాలు చూస్తే అది ఎంత నిజమో తెలుస్తుంది. గణపతిదేవుడు దివిసీమ మీదికి దండెత్తి వెళ్ళాక అక్కడి అయ్యవంశపు ఆడపడుచులు నారాంబను, పేరాంబను పెళ్ళాడాడు. వాళ్ళ తోడబుట్టిన జాయపను తన గజసైన్యానికి అధిపతిని చేశాడు. 'నృత్తరత్నావళి' రాసిన జాయప సేనాని ఆయనే. కూతుళ్ళలో గణపాంబను ధరణికోట ఏలే కోట బేతరాజుకు ఇచ్చాడు, రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రుడికి ఇచ్చాడు. కృష్ణకు దిగువన కోటవారు, గోదావరి దగ్గర చాళుక్యులు, సముద్రం ఒడ్డున అయ్యవారు: అల్లుళ్ళను, బావమరుదులను వరసగా పటం మీద గుర్తుపెడితే తీరాంధ్ర మీద ఓరుగల్లు పట్టు ఎలా బిగిసిందో కనబడుతుంది. రుద్రమ కూడా అదే దారి పట్టింది. పెద్దకూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి వారసుడిగా పెట్టుకుంది. ఇంకో కూతురు రుయ్యమ్మను ఇందులూరి అన్నయకు ఇచ్చింది. ఇందులూరివారు క్షత్రియులు కారు, రాజులూ కారు, బ్రాహ్మణ మంత్రి కుటుంబం. రాజు కూతురు మంత్రి ఇంటికి కోడలుగా వెళ్ళిందంటే ఆ మంత్రివర్గాన్ని రాజ్యానికి ఎంత గట్టిగా కట్టేసుకోవాలనుకున్నారో తెలుస్తోంది. ఇంత లోతైన విషయాన్ని మొదటి ప్రకరణంలోనే పట్టుకున్న రచయిత పుస్తకం సాగేకొద్దీ దాన్ని వదిలేస్తాడు. అన్నాంబిక ఓరుగల్లు చేరి రాణికి చెలికత్తె అవుతుంది. గన్నారెడ్డి మీద మనసు పడుతుంది. రుద్రమకు వీరభద్రుడి మీద వలపు పుడుతుంది. పొత్తుల లెక్కగా మొదలైన పెళ్ళి, చివరికి వచ్చేసరికి వలపు పండటంగా మిగులుతుంది. చదవడానికి హాయిగానే ఉంటుంది. బాపిరాజు చిత్రకారుడు కాబట్టి నగలు, కోకలు, మండపాలు, గుర్రాల ఒంపుసొంపులు కళ్ళకు కట్టిస్తాడు. ఆ వర్ణనల్లో మునిగిన పాఠకుడికి వియ్యాల వెనకున్న సైన్యాల సంగతి గుర్తుండదు.

అసలు ఇబ్బంది దీని తర్వాత వస్తుంది. నవలను నడిపించే ఇరుసు ఒకటే: ఆడది సింహాసనమెక్కిందని సామంతులు తిరగబడ్డారు. ఈ మాట మనకు ఎంత అలవాటైపోయిందంటే పాఠ్యపుస్తకాల్లోనూ, ఉపన్యాసాల్లోనూ ప్రశ్న లేకుండా వస్తుంది. దీని మూలం వెతికితే, కాకతి రాజ్యం 1323లో పోయిన చాలాకాలానికి ఏకామ్రనాథుడు రాసిన 'ప్రతాపచరిత్రము' దగ్గరికి వెళ్ళాలి. గణపతిదేవుడి కొడుకులు హరిహరదేవుడు, మురారిదేవుడు సవతి తోబుట్టువు మీద తిరగబడి ఓరుగల్లు కోట పట్టుకున్నారని, రుద్రమ వాళ్ళను అణచిందని ఆ కథ. ఈ ఇద్దరు అన్నదమ్ముల పేర్లు సమకాలీన శాసనాల్లో లేవు. గణపతి తన తర్వాత కూతుర్ని కూర్చోబెట్టాడంటేనే కొడుకులు లేరని అర్థం కదా. అధికారం చేతులు మారిన తీరు కూడా హఠాత్తుగా జరిగినట్టు లేదు. గుంటూరు సీమలోని మల్కాపురం శాసనం 1261 నాటిది. అప్పటికి గణపతి ఇంకా బతికే ఉన్నాడు. గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి తండ్రి ఇస్తానన్న మందడం గ్రామాన్ని, దానితోపాటు వెలగపూడిని, రుద్రమ ధారపోసిందని ఆ శాసనం చెబుతుంది. ఆ రెండు ఊళ్ళూ ఇప్పటి అమరావతి రాజధాని ప్రాంతంలోనివే. ఆ ఆదాయంలోంచి ప్రసూతిశాలకు, వైద్యశాలకు, అన్నసత్రానికి వాటాలు వేశారు. తండ్రి ఉండగానే కూతురి చేతి మీదుగా ఇంత పెద్ద దానం జరిగిందంటే ఆమె పాలనలో భాగమై చాలాకాలమైందని అర్థం. 1262లో ఆమె ఒంటరిగా రాజ్యభారం ఎత్తుకునేనాటికి సామంతులకు ఆమె కొత్తమనిషి కాదు.

మరి రుద్రమ మీద తిరగబడ్డవాళ్ళే లేరా? ఉన్నారు, వాళ్ళలో ఒకడు ఆమె ప్రాణానికే ముప్పు తెచ్చాడు. కానీ ఎవరు, ఎప్పుడు అన్నది చూడాలి. వల్లూరు కేంద్రంగా కడప సీమ నుంచి ఉత్తరాన త్రిపురాంతకం దాకా ఏలిన కాయస్థులు గణపతి పెంచిన వంశం. రుద్రమ గద్దెనెక్కిన మొదటి ఏళ్ళలో కాయస్థ జన్నిగదేవుడు ఆమెకు విధేయుడు. 1263లో ముత్తుకూరు దగ్గర పాండ్యుల చేతిలో కాకతి సైన్యం దెబ్బతిని నెల్లూరు చేజారిన కష్టకాలంలో దక్షిణపు సరిహద్దును కాచింది ఆ కుటుంబమే. జన్నిగుడి తర్వాత త్రిపురారి, ఆ తర్వాత 1272లో అంబదేవుడు వచ్చారు. తలెగరేసింది అంబదేవుడు. అప్పటికి రుద్రమ గద్దెనెక్కి పదేళ్ళు. ఆడదాని కింద బతకలేమనుకుంటే ఆ వంశం పదేళ్ళు ఎందుకు ఆగింది? అన్నలిద్దరూ ఆమె పేరు చెప్పుకుని ఏలిన నేల మీదే తమ్ముడు స్వతంత్రించాడు. అతని వైపు దేవగిరి యాదవులు ఉన్నారు, పాండ్యులు ఉన్నారు. ఇది భూమి కోసం, కోటల కోసం, పన్నుల కోసం జరిగిన తగువు. ఇటువంటివి గణపతి కాలంలోనూ జరిగాయి, ప్రతాపరుద్రుడి కాలంలోనూ జరిగాయి. మగరాజుల మీద తిరుగుబాటును ఆశ అంటాం. రుద్రమ మీద తిరుగుబాటుకు మాత్రం ఆమె ఆడది కావడమే కారణమంటాం. ఆమెను పొగుడుతున్నామనుకుంటూనే ఆమె రాజకీయాన్ని చిన్నది చేస్తున్నాం.

దీనికి గట్టి అభ్యంతరమే ఒకటి ఉంది. సామంతుల మనసులో ఏముందో శాసనం చెప్పదు, అది దానపత్రం. నిందలు రాతి మీద ఎవరూ చెక్కించుకోరు. శాసనాల్లో లేనంత మాత్రాన ఆడదాని పాలన మీద ఏవగింపు లేదనలేం అని. నిజమే. పైగా ఆ ఏవగింపుకు సమకాలీన సాక్ష్యమూ ఉంది. దేవగిరి మంత్రి హేమాద్రి తన 'వ్రతఖండం'లో యాదవ మహాదేవుణ్ణి పొగుడుతూ, తిలింగ రాజు ఏనుగులను, మంగళవాద్యాలను పట్టుకుని, రుద్రమను మాత్రం ఆడది కదా అని విడిచిపెట్టాడని రాశాడు. ఎకసెక్కం అందులో స్పష్టంగానే ఉంది. అయితే ఎవరి నోటి నుంచి, ఎప్పుడు వచ్చింది అన్నది గమనించాలి. ఓరుగల్లు మీదికి వచ్చి, దాన్ని పట్టుకోలేక వెనుదిరిగిన రాజు ఆస్థానం అది. పట్టుకోలేకపోయానని చెప్పడం కంటే దయతలచి వదిలేశానని చెప్పుకోవడం మర్యాదగా ఉంటుంది. 'ప్రతాపచరిత్రము' ఇదే యుద్ధాన్ని తిరగేసి చెబుతుంది. రుద్రమే మహాదేవుణ్ణి దేవగిరి దాకా తరిమి ధనం, గుర్రాలు వసూలు చేసిందంటుంది. రెండింటిలో ఏది నమ్మాలో బీదరు కోటలో దొరికిన కన్నడ శాసనపు ముక్క కొంత తేలుస్తుంది. అందులో రుద్రమ ప్రస్తావన, ఆమె సామంతుడైన సింద భైరవుడి పేరు ఉన్నాయి. యాదవుల నేలలో కాకతి రాణి అడుగుపెట్టకుండా ఆ రాయి అక్కడ ఉండదు. అంటే ఆడదన్న మాట శత్రువు తన ఓటమిని కప్పుకోవడానికి వాడిన సాకు. సాకును పట్టుకొచ్చి కారణంగా నిలబెట్టడమే నవల చేసిన పొరపాటు. ఇంకో సంగతి: రుద్రమ అక్కచెల్లెళ్ళలో ఒకరైన గణపాంబ, భర్త బేతరాజు పోయాక ధరణికోట సీమను తానే ఏలింది, యనమదల శాసనం ఆ వివరాలు చెబుతుంది. అప్పటి తెలుగు సీమలో అధికారం చేపట్టిన ఆడది రుద్రమ ఒక్కతే అనుకోవడం కూడా మనం తర్వాత కల్పించుకున్నదే.

ఇప్పుడు గన్నారెడ్డి దగ్గరికి వద్దాం. గోనవారి వర్ధమానపురం ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా బిజినేపల్లి మండలంలోని నంది వడ్డెమాను. శనీశ్వరుడి గుడికి వెళ్ళేవాళ్ళు ఆ ఊరు చూసే ఉంటారు. ద్విపదలో 'రంగనాథ రామాయణం' చెప్పిన గోన బుద్ధారెడ్డిది ఈ వంశమే. బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబికను మల్యాల గుండ దండనాథుడికి ఇచ్చారు. భర్త పోయాక అతని పేరు మీద బూదపురంలో ఆమె గుండేశ్వరుణ్ణి ప్రతిష్ఠించింది. ఆ సంగతి చెప్పే శాసనం రుద్రమ పాలనాకాలం నాటిది, ఆ బూదపురమే ఇప్పటి జాతీయ రహదారి మీది భూత్పూరు. కుప్పాంబికను తొలి తెలుగు కవయిత్రి అంటారు. రామాయణం రాసిన తండ్రి, దండనాథుడైన మొగుడు, దేవుణ్ణి నిలిపి రాయి వేయించిన కూతురు: గోనవారి ఇల్లు ఎలాంటిదో ఈ ముగ్గురిని చూస్తే తెలుస్తుంది. అడవుల్లో కాపురం పెట్టిన దొంగల ముఠాకు ఇక్కడ చోటు దొరకదు. గన్నారెడ్డి పేరున్న రాయి చూడాలంటే రాయచూరు వెళ్ళాలి. అక్కడి కోటగోడలో 40 అడుగులకు పైబడ్డ పొడవుతో ఒకే బండరాయి ఉంది. దాని మీద 1294 నాటి తెలుగు శాసనం. గోన గన్నయ రెడ్డి ఆనతి మీద విఠలనాథుడు ఆదవోని, తుంబళం, మానువ, హాలువ కోటలు గెలిచి, రాయచూరులో ఈ కోట కట్టించాడని అందులో ఉంది. ఆ రాయికి దగ్గర్లోనే ఒక బొమ్మ చెక్కారు: అంత పెద్ద బండను బండికెత్తి, పశువుల బారు కట్టి లాగిస్తున్న దృశ్యం. కోట కట్టినవాడు తాను గెలిచిన యుద్ధాన్ని కాకుండా రాయి మోసిన శ్రమను బొమ్మ గీయించుకున్నాడు! చారిత్రక నవల రాసేవాడికి ఇంతకంటే గొప్ప దృశ్యం ఎక్కడ దొరుకుతుంది?

రాయచూరు అప్పట్లో యాదవుల నేల. అంబదేవుణ్ణి యాదవులు ఆదుకున్నారు కాబట్టి, రుద్రమ తర్వాత ప్రతాపరుద్రుడు కాయస్థులను అణచడంతో పాటు పడమటి సరిహద్దు మీదికి గోనవారిని పంపాడు. కాబట్టి శాసనాల్లోని గన్నారెడ్డి సరిహద్దు సేనాపతి. రాజ్యానికి పడమటి వాకిలి దగ్గర నిలబడి, ఆ వాకిలిని ఇంకొంచెం ముందుకు జరిపిన కుటుంబానికి పెద్ద. నవల ఎవరైనా మళ్ళీ రాయదలచుకుంటే ఇక్కడే అసలు ప్రశ్న ఉంది. కాయస్థులూ గోనవారూ ఇద్దరూ సామంతులే, ఇద్దరివీ సరిహద్దు సీమలే. ఒకరు ఎదురు తిరిగారు, ఒకరు కట్టుబడి ఉన్నారు. ఎందుకు? నాకు తోచిన జవాబు ఇది: కాయస్థులకు దక్షిణాన పాండ్యులతో కలిస్తే సొంత రాజ్యం దక్కే వీలుంది. కృష్ణా తుంగభద్రల మధ్య నేల కావాలనుకునే గోనవారికి ఓరుగల్లు వెనక ఉంటే తప్ప యాదవుల మీద చెయ్యి ఎత్తే దమ్ము లేదు. విధేయత కూడా ఒక లెక్కే. ఆ లెక్కను గెలిపించింది ఓరుగల్లులోని రాణి. ఎవరికి ఎంత సీమ ఇవ్వాలి, ఎవరిని ఎవరి పక్కన నిలపాలి, వంశం లేని ఎవరిని పైకి తేవాలి అనే పనిని పాతికేళ్ళకు పైగా చేసింది ఆమె. వేంగి నుంచి కళింగ సైన్యాన్ని తరిమిన పోతినాయుడు, ప్రోలినాయుడు పాత రాజవంశాల బిడ్డలు కారు. సీమలను నాయకులకు పంచి, దానికి బదులు సైన్యం పెట్టించే నాయంకర పద్ధతి ఆమె చేతుల్లో బలపడి ప్రతాపరుద్రుడి కాలానికి రాజ్యానికి వెన్నెముక అయింది. ఇదంతా రాజనీతి. నవలలో ఈ పని గన్నారెడ్డి మాయోపాయాలతో, మారువేషాలతో, రాత్రి దాడులతో జరిగిపోతుంది. రాణి ఆందోళన పడుతుంది, ప్రేమిస్తుంది, యుద్ధానికీ వెళ్తుంది. కానీ తిరుగుబాటుదారుల నడుం విరిచే తెలివి మాత్రం గన్నారెడ్డిది. మాట వరసకు రాజ్యం ఆమెది, పని అతనిది. పుస్తకానికి అతని పేరే పెట్టడంలో ఆ రకంగా నిజాయితీ ఉందనే చెప్పాలి.

నవలను నవలగా చదవాలి, ఇన్ని శాసనాలతో దాన్ని కొట్టడమేమిటి అని ఇంకొకరు అడగవచ్చు. ఆ మాటలో సగం న్యాయం ఉంది. బాపిరాజుకు తెలియని వాటిని ఆయన మీద మోపకూడదు. ఉదాహరణకు నల్లగొండ జిల్లా నకిరేకల్లు దగ్గర చందుపట్లలో దొరికిన శాసనం. పువ్వుల ముమ్మడి అనే ఒక బంటు 1289 నవంబరులో, శివలోకం చేరిన కాకతి రుద్రమదేవికి, మల్లికార్జున నాయకుడికి పుణ్యం కలగాలని దేవుడికి భూమి ఇచ్చాడు. మల్లికార్జున నాయకుడు ఆమె సేనాపతి. రాణి, సేనాపతి ఇద్దరూ ఒకేసారి చనిపోయారంటే యుద్ధరంగంలోనే అయి ఉండాలని, అంబదేవుడి త్రిపురాంతక శాసనంలోని డంబాలతో కలిపి చదివి చరిత్రకారులు తేల్చారు. అంతకు ముందు ఆమె ఇంకా ఆరేడేళ్ళు బతికిందనుకునేవారు. ఈ శాసనాన్ని శాసన పరిశోధకుడు పరబ్రహ్మశాస్త్రి వెలుగులోకి తెచ్చేనాటికి 1952లో పోయిన బాపిరాజు లేడు. వృద్ధాప్యంలో సైన్యం వెంట కదిలి శత్రువు చేతిలో పడిపోయిన రాణి కథ ఆయనకు తెలిసి ఉంటే ఏం రాసేవాడో! కాబట్టి చందుపట్లను ఆయన లెక్కలో వేయను. అయితే త్రిపురాంతకం, మల్కాపురం, రాయచూరు శాసనాలు ఆయన కాలానికే విద్వాంసుల చేతుల్లో ఉన్నాయి. ప్రతాపచరిత్రను శాసనాలతో సరిచూసే పని కూడా సాగుతోంది. ఆయన రెండింటిలో కథకు అనువైనదాన్ని ఎంచుకున్నాడు. ఎంచుకోవడం రచయిత హక్కే. ఆ ఎంపికకు వెల కట్టడం చదివేవాళ్ళ హక్కు. అదీగాక నవలను నవలగానే చదివే పాఠకులు ఉంటే ఈ గొడవే లేదు. గజదొంగ గన్నారెడ్డి ఇప్పుడు చరిత్రగా చలామణీ అవుతున్నాడు; బాపిరాజు పేరు కూడా తెలియనివాళ్ళు ఆ కథను ఓరుగల్లు కథగా చెబుతున్నారు. కల్పన జ్ఞాపకంగా మారాక దాన్ని శాసనంతో పోల్చడం తప్పనిసరి.

ఇంకో వాదన ఉంది, అది నాకు ఎక్కువ బరువైనదిగా తోస్తుంది: ఈ నవల లేకపోతే రుద్రమను ఇంతమంది ప్రేమించేవారా అని. ప్రేమించేవారు కారు. శాసన సంపుటాలు చదివి ఎవరూ రాణిని గుండెల్లో పెట్టుకోరు. అదే రాణి మీద నోరి నరసింహశాస్త్రి కూడా 'రుద్రమదేవి' రాశారు. కవిత్రయం ముగ్గురి కాలాలకు మూడు నవలలుగా ఆయన తీర్చిన వరసలో అది నడిమిది, తిక్కన కాలానిది. చరిత్ర, ధర్మశాస్త్రం, మతాల వాదోపవాదాలు అందులో పటిష్ఠంగా ఉంటాయి. పండితులకు అదే నచ్చుతుంది. జనంలోకి మాత్రం బాపిరాజు వెళ్ళినంత దూరం అది వెళ్ళలేదు. కారణం సులువే. బాపిరాజుకు పరుగు తెలుసు, ఉల్లాసం తెలుసు, పదహారేళ్ళ పాఠకుడు రాత్రి దీపం ఆర్పకుండా ఎందుకు చదువుతాడో తెలుసు. రుద్రమను తెలుగువాళ్ళ ఇంటి మనిషిని చేసిన పుణ్యం ఆయనదే. ఈ పుణ్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ప్రేమించాం కాబట్టి ఆమె చేసిన పని ఇంకొకరి ఖాతాలో రాసినా ఊరుకుంటామంటే అది ప్రేమ కాదు, సోమరితనం. నవలల్లో రాణులకు ఎప్పుడూ ఇదే జరుగుతుంది: అందం ఆమెకు, ధైర్యం ఆమెకు, కన్నీళ్ళు ఆమెకు, ఎత్తుగడ మాత్రం పక్కనున్న మగవాడికి. కాకతి రుద్రమ విషయంలో ఇది మరీ అన్యాయం, ఎందుకంటే ఆమె ఎత్తుగడలకు సాక్ష్యాలు రాళ్ళ మీద మిగిలాయి. చాలామంది రాణులకు ఆ అదృష్టం కూడా లేదు.

'గోన గన్నారెడ్డి' అచ్చులో ఉంది, ఉండాలి కూడా. కొత్త ముద్రణ వేసేవాళ్ళను ఒక్కటే కోరుతున్నాను: పుస్తకం చివర ఓ పది పేజీలు చేర్చండి. మల్కాపురం, బూదపురం, త్రిపురాంతకం, చందుపట్ల, రాయచూరు శాసనాల సారాంశం వాడుక తెలుగులో, ఫోటోలతో సహా ఇవ్వండి. నవలలో ఎవరు చారిత్రక వ్యక్తులో, ఎవరు కల్పితులో పేరు పేరునా చెప్పండి. కుప్పాంబిక రాతిని, రాయచూరు బండను ఒక పేజీలో పక్కపక్కన వేయండి. బాపిరాజు చిత్రకారుడు, ఆ పేజీకి ఆయన అభ్యంతరం చెప్పేవాడు కాదు.